పాత క్రాలర్ ట్రాక్టర్‌లో పట్టేసిన స్టీరింగ్ క్లచ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా పొడి స్టీరింగ్ క్లచ్‌లు (ఆయిల్‌లో మునగకుండా ఉండి, లివర్ లాగితే ఆ వైపు చైన్‌కి ఇంజిన్ శక్తిని ఆపి బండిని తిప్పేవి) ఉన్న పాత చైన్ బండ్ల గురించి. క్యాటర్‌పిల్లర్ డీ2, పాత డీ4, ఇంటర్నేషనల్ టీడీ-6, టీడీ-9 లాంటివన్నమాట. డీ2 తయారీ 1957లోనే ఆగిపోయింది, అంటే అందులో అన్నిటికంటే చివరగా వచ్చినదానికి కూడా అరవై ఏళ్లు ఎప్పుడో దాటాయి. అలాంటి బండి కొన్నేళ్లు వానలో నిలబడితే మొదట మొండికేసేవి ఈ క్లచ్‌లే. మోడల్‌ని బట్టి కొలతలు మారతాయి కాబట్టి సర్దుబాటు అంకెలకు మీ బండి మాన్యువల్ చూసుకోండి, పని చేసే తీరు మాత్రం దాదాపు అన్నిటిలో ఒకటే.

లివర్ లాగినా బండి తిరగట్లేదు. క్లచ్ పట్టేసినట్టేనా?

కాకపోవచ్చు. చాలామంది ఇక్కడే తొందరపడి సీటు, ట్యాంకు అన్నీ విప్పేస్తారు. ముందు ఇంజిన్ ఆపి లివర్‌ని చేత్తో లాగి చూడండి, అది ఎలా కదులుతోందో దాన్ని బట్టే సగం విషయం తెలిసిపోతుంది.

ఏ బరువూ లేకుండా వదులుగా వచ్చేస్తే రాడ్ ఊడిందో, పిన్ను విరిగిందో, సర్దుబాటు పూర్తిగా పోయిందో అయ్యుంటుంది. అసలు కదలకపోతే క్లచ్ లోపలి ప్లేట్ల సంగతి తర్వాత, ముందు రిలీజ్ బేరింగో (లివర్ లాగినప్పుడు ప్లేట్ల మీద నొక్కుడు తీసేది) దాన్ని తోసే ఫోర్క్ షాఫ్టో తుప్పుతో బిగుసుకుంది. లివర్ మామూలుగానే స్ప్రింగు బరువుతో చివరిదాకా వచ్చి, అయినా బండి ఆ వైపుకు మళ్లకపోతే అప్పుడు ప్లేట్లను అనుమానించాలి.

ఇంకో సంగతి. లివర్ లాగితే బండి మెల్లగా ఆ వైపు ఒరుగుతుందే గానీ గట్టి మలుపు రావాలంటే ఆ వైపు బ్రేక్ కూడా తొక్కాలి. బ్రేక్ లైనింగ్ (రాపిడితో పట్టే పొర) అరిగిపోయినా, దానికి ఆయిల్ పట్టినా బండి తిరగదు, తప్పు మాత్రం క్లచ్ మీద పడుతుంది. తేడా తెలుసుకోవడానికి ఖాళీ చదును నేల మీద తక్కువ గేర్‌లో వెళ్తూ లివర్ పూర్తిగా లాగి, అదే వైపు బ్రేక్ కొద్దికొద్దిగా తొక్కండి. ఇంజిన్ మీద బరువు పడి, బండి తిన్నగానే నెమ్మదిస్తే క్లచ్ విడిపోవట్లేదు. బ్రేక్ ఎంత తొక్కినా ఇంజిన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేకపోతే బ్రేక్ పనిచేయట్లేదు, ముందు దాని సంగతి చూడండి.

లోపల అసలు ఏది దేనికి అతుక్కుంటుంది?

గేర్‌బాక్స్ నుంచి వచ్చిన శక్తి బెవెల్ గేర్ దగ్గర అడ్డంగా మళ్లి రెండు వైపులకూ పోతుంది. ఒక్కో వైపు ఒక క్లచ్, దాని బయటి డ్రమ్ చుట్టూ బ్రేక్ బ్యాండ్, ఆ తర్వాత ఫైనల్ డ్రైవ్, చివర చైన్‌ని లాగే స్ప్రాకెట్. క్లచ్ లోపల రెండు రకాల ప్లేట్లు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి, రెండు పేకకట్టలను ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు. చాలా బండ్లలో ఉత్త ఇనుప ప్లేట్ల పళ్లు లోపలి డ్రమ్‌లో కూర్చుంటాయి, లైనింగ్ ఉన్న ప్లేట్ల పళ్లు బయటి డ్రమ్‌లో కూర్చుంటాయి. గట్టి స్ప్రింగులు ఈ కట్టనంతా ఎప్పుడూ నొక్కి పట్టుకుంటాయి, లివర్ లాగితే ఆ నొక్కుడు పోయి ప్లేట్లు విడిపడాలి.

పట్టేయడం రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, లైనింగ్‌కీ ఇనుప ప్లేటుకీ మధ్య తుప్పు పట్టి రెండూ అతుక్కుపోవడం. రెండోది అంతగా ఎవరూ పట్టించుకోరు: ప్లేటు పళ్లు డ్రమ్ గాళ్లలో తుప్పుతో బిగుసుకోవడం. అప్పుడు ప్లేట్ల ముఖాలు అతుక్కోకపోయినా అవి పక్కకు జరగలేవు కాబట్టి క్లచ్ సగమే విడిపోతుంది, లివర్ లాగినా ఆ వైపు చైన్ ఈడ్చుకుంటూ వస్తుంది.

రెండు వైపులా పట్టేసింది. బ్రేకులతో తిప్పుకుంటూ నడపొచ్చా?

కుదరదు. కారులో ఉన్నట్టు ఇక్కడ డిఫరెన్షియల్ ఉండదు, అడ్డ షాఫ్టు ఒకే ముక్కలా తిరుగుతుంది. క్లచ్ విడిపోనప్పుడు ఒక వైపు బ్రేక్ తొక్కితే రెండు చైన్లనూ, ఇంజిన్‌నూ కలిపి ఆపుతున్నట్టే. బ్యాండ్ కాలుతుంది, బండి మాత్రం తిన్నగానే పోతుంది. (క్లెట్రాక్ బండ్ల సంగతి వేరు. వాటిలో స్టీరింగ్ క్లచ్‌లే ఉండవు, కంట్రోల్డ్ డిఫరెన్షియల్‌తో బ్రేకుల ద్వారానే తిరుగుతాయి.)

ఒక వైపే పట్టేస్తే బాగున్న వైపు తిరుగుతూ నెట్టుకురావచ్చు. ఎడమకు మళ్లాలంటే కుడివైపు ముప్పావు చుట్టు కొట్టి రావాలి, అంతే. అయితే ఆ స్థితిలో ట్రైలర్ ఎక్కించడం, గట్టు అంచున పని చేయడం, వాలులో దిగడం మాత్రం వద్దు.

ఎందుకు పట్టేస్తుంది?

నీళ్లు. సీటు కింద మూతల సందుల్లోంచి, గేర్ లివర్ చుట్టూ చిరిగిపోయిన రబ్బరు లోంచి, బ్రేక్ మూతల దగ్గర నుంచి వాన నీరు దిగుతుంది. కింద డ్రెయిన్ ప్లగ్ బురదతో మూసుకుపోయి ఉంటే ఆ నీరు బయటకు పోదు, ప్లేట్ల కింది భాగం అందులో మునిగి కూర్చుంటుంది. నీళ్లు నేరుగా పడకపోయినా రాత్రి చల్లబడినప్పుడు లోపల చెమ్మ పడుతుంది, ఏళ్ల తరబడి కదలని బండికి అదీ చాలు.

ఆయిల్ పడితే జరిగేది వేరు. సీల్ పోయి బెవెల్ గేర్ వైపు నుంచో ఫైనల్ డ్రైవ్ వైపు నుంచో ఆయిల్ వస్తే క్లచ్ జారుతుంది, బ్రేక్ పట్టదు. అదే ఆయిల్ దుమ్ముతో కలిసి ఎండి జిగురైతే ప్లేట్లు అంటుకుంటాయి, కాకపోతే ఆ పట్టు తుప్పు పట్టంత మొండిది కాదు, కడిగితే వదులుతుంది.

మొదట ఏం చేయాలి?

కింద డ్రెయిన్ ప్లగ్‌లు విప్పి ఏం వస్తుందో చూడండి. ఎర్రటి నీళ్లు వస్తే తుప్పు. నల్లటి ఆయిల్ వస్తే సీల్. ఏమీ రాకపోతే రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు, తీగతో పొడిచి చూడండి.

తర్వాత లివర్ ఆట (బరువు తగిలేలోపు లివర్ ఖాళీగా కదిలే దూరం) మాన్యువల్ చెప్పినంత ఉందో లేదో కొలవండి. ఆట మరీ ఎక్కువైతే లివర్ చివరిదాకా లాగినా ప్లేట్లు పూర్తిగా విడవవు, రెండు నట్లు తిప్పితే పోయే పనికి మీరు బండి మొత్తం విప్పుతారు. పై మూత తీసి ఒకరు లివర్ లాగుతుండగా (ఇంజిన్ ఆపే ఉండాలి) ప్రెషర్ ప్లేటు (స్ప్రింగుల బలంతో కట్టను నొక్కే ప్లేటు) నిజంగా వెనక్కి జరుగుతోందా అని టార్చి వేసి చూడండి. అది జరుగుతూ మిగతా ప్లేట్లు కట్టగా నిలబడి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, ప్లేట్లు పట్టేసినట్టే.

రిలీజ్ బేరింగ్‌కి గ్రీజు పెట్టే నిప్పిల్ ఉంటే ఇప్పుడే పెట్టండి, కొద్దిగానే. ముందు ముందు లివర్ చాలాసేపు లాగి ఉంచాల్సి వస్తుంది, ఎండిన బేరింగ్ ఆ బరువుకు కాలిపోతుంది.

విప్పకుండా వదిలించే దారి ఉందా?

ఉంది, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. విప్పే ముందు దీనికి కొన్ని రోజులు ఇచ్చి చూడమనే నేను చెబుతాను. ఇందులో మూడు ఉన్నాయి: నానబెట్టడం, వేడెక్కించడం, మెలితిప్పడం. ఒక్కోటి విడిగా చేస్తే పెద్దగా లాభం లేదు, మూడూ మార్చి మార్చి చేయాలి.

నానబెట్టడానికి డ్రెయిన్ ప్లగ్ బిగించి, క్లచ్ అరలో డీజిల్ గానీ కిరోసిన్ గానీ ప్లేట్ల కింది భాగం బాగా మునిగేదాకా పోయండి. దానికి ముందు మీ మోడల్‌లో క్లచ్ అర, బెవెల్ గేర్ అర వేర్వేరుగా ఉన్నాయని చూసుకోండి, లేకపోతే గేర్ ఆయిల్ పలచబడిపోతుంది. ఒక రాత్రి ఉంచి, బండిని నాలుగడుగులు ముందుకో వెనక్కో జరపండి, అప్పుడు డ్రమ్ తిరిగి పైనున్న భాగం కిందకు వస్తుంది. అదే చోట ఉంచి వారం నానబెట్టినా పైసగం పొడిగానే ఉంటుంది, ఇది మరచిపోయేవాళ్లే ఎక్కువ. పైనుంచి తుప్పు వదిలించే స్ప్రే కూడా ప్లేట్ల అంచుల మీదా, డ్రమ్ గాళ్లలోనూ కొట్టండి.

ఆ తర్వాత డీజిల్ పూర్తిగా దించేసి, కారడం ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి, విశాలమైన చదును నేల మీదకు తీసుకెళ్లండి. పట్టేసిన వైపు లివర్‌ను వెనక్కి లాగి తాడుతో కట్టేయండి. తక్కువ గేర్‌లో కదిలిస్తూ అదే వైపు బ్రేక్ గట్టిగా తొక్కి వదలండి, మళ్లీ తొక్కండి. స్ప్రింగుల నొక్కుడు లేదు కాబట్టి ఇప్పుడు ప్లేట్లను పట్టి ఉంచింది తుప్పు ఒక్కటే. ఇంజిన్ లోపలి డ్రమ్‌ని తిప్పుతుంటే బ్రేక్ బయటి డ్రమ్‌ని పట్టుకుంటుంది, ఆ మెలి అంతా నేరుగా తుప్పు మీదే పడుతుంది. ముందుకు కొంతసేపు, వెనక్కి కొంతసేపు చేయండి. పై గేర్లలో వేగంగా వెళ్లి ఒక్కసారిగా బ్రేక్ వేస్తే ఇంకా త్వరగా వదులుతుందని చెప్పేవాళ్లున్నారు, వదలొచ్చు, కానీ ఆ దెబ్బ ఫైనల్ డ్రైవ్ పళ్లు, షాఫ్టులు కూడా తింటాయి, పాత బండికి నేనైతే ఆ పని చేయను.

వదలకపోతే లివర్ కట్టి ఉంచి కాస్త బరువు నెట్టించండి, ఆ వేడికీ కదలికకీ కొన్ని మెత్తబడతాయి. బేరింగ్‌కి మధ్య మధ్యలో లివర్ వదిలి విశ్రాంతి ఇవ్వండి. మళ్లీ నానబెట్టండి.

ఇందులో ఉన్న అసలు ప్రమాదం ఏమిటంటే, క్లచ్ వదిలేటప్పుడు చెప్పి వదలదు. తిన్నగా పోతున్న బండి ఒక్కసారిగా గిర్రున పక్కకు తిరుగుతుంది. చుట్టూ మనుషులు, గోడలు, వాహనాలు ఏవీ ఉండకూడదు. రెండు లివర్లూ కట్టి ఉన్నప్పుడు రెండూ ఒకేసారి వదిలితే బండికి ఇంజిన్ పట్టు పూర్తిగా పోతుంది, వాలులో అయితే ఇక దొర్లడమే. అందుకే చదును నేల, పనిచేసే బ్రేకులు, దించడానికి సిద్ధంగా ఉన్న బ్లేడు.

పెట్రోల్ పోస్తే ఇంకా బాగా కడుగుతుంది కదా?

వద్దు. మూసి ఉన్న అరలో పెట్రోల్ ఆవిరి, పక్కనే రాపిడికి కాలే బ్రేక్ బ్యాండ్. డీజిల్, కిరోసిన్ కూడా అంటుకునేవే, అందుకే పూర్తిగా దించాకే బండి కదపమన్నది, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. అసిటోన్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కలిపి పోసేవాళ్లూ ఉన్నారు. తుప్పులోకి బాగానే దిగుతుంది గానీ అసిటోన్ పెట్రోల్ అంత త్వరగా అంటుకుంటుంది కాబట్టి, అర నిండా కాకుండా అంచుల మీద కొద్దిగా వాడి ఆరనిచ్చి, ఆ తర్వాతే ఇంజిన్ దగ్గరకు వెళ్లండి. గ్యాస్ టార్చితో డ్రమ్ వేడి చేసే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి.

నానబెట్టాక లైనింగ్ జారదా?

మొదట్లో జారుతుంది, బ్రేకులు కూడా సరిగా పట్టవు. డ్రెయిన్ తెరిచి ఉంచి, లివర్లు లాగుతూ వదులుతూ తేలికపాటి పనిలో తిప్పితే డీజిల్, కిరోసిన్ చాలావరకు పోతాయి. చిక్కటి ఆయిల్ వాడి ఉంటే తర్వాత కిరోసిన్‌తో కడిగి తీరాలి. కొన్ని గంటలు నడిపాక కూడా బరువు మీద జారుతూ ఉంటే లైనింగ్ లోపలిదాకా నూనె తాగిందని అర్థం, అది మార్చాల్సిందే.

సుత్తి, ఉలి వాడొచ్చా?

సుత్తితో డ్రమ్ అంచు మీద చుట్టూ తేలికగా తట్టడం మంచిదే, ఆ అదురుకు తుప్పు రాలుతుంది. ఇత్తడి సుత్తో, మధ్యలో చెక్కముక్కో వాడండి, పోత ఇనుము పగిలితే అతకదు.

ఉలి విషయంలో జాగ్రత్త. లివర్ లాగి కట్టి, పైనుంచి ప్లేట్ల మధ్య సందులో పలచటి పుట్టీ బ్లేడు మెల్లగా దూర్చి విడదీయొచ్చు. ఒకచోట దూర్చి, డ్రమ్ కొంచెం తిప్పి, మళ్లీ దూర్చాలి. ఒక్కో ప్లేటుకి చుట్టూ ఇలా చేయాలి, విసుగు పుట్టే పని. మందపాటి ఉలి పెట్టి కొడితే ప్లేటు అంచు వంగుతుంది, వంగిన ప్లేటు మళ్లీ ఎప్పటికీ సరిగా విడవదు. చేతులు లోపల ఉన్నప్పుడు ఇంజిన్ ఎవరూ ముట్టుకోకుండా బ్యాటరీ తీగ తీసేయండి.

ఇక విప్పక తప్పదని ఎప్పుడు తెలుస్తుంది?

డ్రెయిన్‌లోంచి లైనింగ్ ముక్కలు, విరిగిన స్ప్రింగు ముక్కలు వస్తే ఇక ఆగకండి. సీల్ పోయి ఆయిల్ ఆగకుండా వస్తున్నా అంతే, ఎంత కడిగినా మళ్లీ నిండుతుంది. లివర్ అసలు కదలని బండిలో రిలీజ్ బేరింగ్ పోయి ఉంటే అదీ విప్పుడు పనే. వదిలినట్టే వదిలి, రెండు రోజులు నిలబెడితే మళ్లీ పట్టేస్తున్న క్లచ్ కూడా ఈ కోవలోకే వస్తుంది, ప్లేట్ల మీద తుప్పు పొర అలాగే ఉందన్నమాట.

విప్పేటప్పుడు ఏం చూసుకోవాలి?

అన్నిటికంటే ముందు దుమ్ము. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, లేదని రుజువయ్యేదాకా ఉందనే అనుకోండి. ఎయిర్ కంప్రెసర్‌తో ఊదకండి, పొడిగా బ్రష్ చేయకండి, రుద్దకండి. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలు సంచిలో కట్టేయండి. మామూలు గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు, పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకోండి.

సీటు, కొన్ని బండ్లలో ఇంధన ట్యాంకు, పై మూత, బ్రేక్ బ్యాండ్ తీశాక క్లచ్ కట్ట కనపడుతుంది. కొన్ని మోడళ్లలో బోల్టులు విప్పి కట్టను నేరుగా పైకి లేపేయొచ్చు, కొన్నిటిలో హబ్‌ని పుల్లర్‌తో లాగాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాన్యువల్ చూసే చేయండి. కట్ట బాగా బరువు, చేతులతో ఎత్తే వస్తువు కాదు, చైన్ బ్లాక్ కట్టండి. డ్రమ్, హబ్, ప్రెషర్ ప్లేటు ఎలా కూర్చుని ఉన్నాయో పంచ్‌తో గుర్తులు పెట్టి, ప్లేట్లు వచ్చిన వరుసలోనే పేర్చుకుని ఫొటోలు తీసుకోండి.

స్ప్రింగులు లోపల గట్టిగా నొక్కుకుని ఉంటాయి. నట్లను ఒక్కోటీ పూర్తిగా విప్పేస్తే చివరి నట్టు దగ్గర మొత్తం ఎగిరి మీదకొస్తుంది. ఎదురెదురుగా ఉన్నవి కొంచెం కొంచెం వదులు చేస్తూ రావాలి, లేదా పొడవాటి బోల్టులు వేసి వాటి మీద మెల్లగా వదలాలి.

పాత ప్లేట్లే మళ్లీ వాడుకోవచ్చా?

ఇనుప ప్లేట్లు తరచుగా పనికొస్తాయి. తుప్పు గీకి, చదునైన బల్ల మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో వంకర చూడండి. లోతుగా గుంటలు పడినవి, వేడికి నీలం తిరిగి వంకరపోయినవి పక్కన పడేయండి, అవి కొత్త లైనింగ్‌ని తినేస్తాయి. లైనింగ్ పెచ్చులు లేచినా, నూనె తాగినా, రివెట్ల దాకా అరిగినా మార్చాలి. నూనె తాగిన లైనింగ్‌ని కాల్చి ఆరబెట్టే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, ఆస్బెస్టాస్ సంగతి తెలిశాక కూడా ఎవరైనా ఆ పని ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు.

స్ప్రింగులన్నీ పక్కపక్కన నిలబెడితే పొట్టిగా అయిపోయినవి ఇట్టే కనపడతాయి. డ్రమ్ గాళ్లలో ప్లేటు పళ్లు కొట్టుకుని మెట్లలా నొక్కులు పడి ఉంటాయి, ప్లేట్లు వాటిలో ఇరుక్కుని జరగవు. చిన్నవైతే ఆకురాయితో నున్నగా చేయండి, లోతుగా ఉంటే డ్రమ్ మార్చాలి. ఇది వదిలేసి కొత్త ప్లేట్లు వేస్తే ఖర్చంతా పెట్టీ మళ్లీ ఈడ్చుకునే క్లచ్చే మిగులుతుంది. ఎలాగూ తెరిచారు కాబట్టి రెండు వైపుల ఆయిల్ సీళ్లు, రిలీజ్ బేరింగ్ కూడా మార్చేయండి.

అన్నీ బాగు చేశాక వాలులో దిగుతుంటే బండి లివర్ లాగిన వైపు కాకుండా ఎదురు వైపుకు తిరుగుతోంది. తప్పుగా బిగించానా?

లేదు, అది ఈ బండ్ల సహజ గుణం. వాలులో దిగేటప్పుడు బండి వేగంగా దొర్లకుండా ఇంజినే పట్టి ఉంచుతుంది. మీరు ఎడమ లివర్ ఒక్కటే లాగితే ఎడమ చైన్‌కి ఆ పట్టు పోయి వేగంగా దొర్లుతుంది, కుడి చైన్ మాత్రం ఇంజిన్ పట్టులోనే ఉంటుంది, దాంతో బండి కుడికి మళ్లుతుంది. లివర్‌తో పాటు అదే వైపు బ్రేక్ తొక్కితే మామూలుగా తిరుగుతుంది. కొత్తగా నడిపేవాళ్లకు ఇది ముందే చెప్పకపోతే గట్టు దిగేటప్పుడు కంగారు పడతారు.

ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లకు కూడా ఇదే పద్ధతా?

కాదు. తర్వాతి కాలపు బండ్లలో వచ్చిన ఆయిల్ క్లచ్‌లు ఇలా తుప్పుకు పట్టేయడం అరుదు. అవి విడవకపోతే ఆయిల్ మట్టం, ఫిల్టర్, ప్రెషర్, వాల్వులు చూడాలి. వాటిలో కిరోసిన్ పోయకండి.

మళ్లీ పట్టేయకుండా ఎలా ఉంచాలి?

బండిని కప్పు కింద పెట్టండి, కుదరకపోతే సీటు, గేర్ లివర్ దగ్గర టార్పాలిన్ కప్పండి. గేర్ లివర్ రబ్బరు కొత్తది వేయండి. నీళ్లలో, బురదలో దిగనప్పుడు క్లచ్ అరల డ్రెయిన్ ప్లగ్‌లు తీసేసి ఉంచడం మేలు, నీటిలోకి దిగే ముందు మాత్రం గుర్తుంచుకుని బిగించాలి. వాడకం లేని రోజుల్లో నెలకోసారైనా స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా నడిపి, నడుస్తుండగా రెండు లివర్లూ, రెండు బ్రేకులూ పనిచేయించండి. నిలబెట్టి ఇంజిన్ ఆడిస్తే ఏం లాభం లేదు.

నెలల తరబడి నిలబెట్టాలంటే రెండు లివర్లూ వెనక్కి లాగి చెక్క అడ్డుపెట్టి ఉంచండి, ప్లేట్లు విడిగా ఉంటాయి. అలా చేస్తే స్ప్రింగులు చచ్చిపోతాయని కొందరు భయపడతారు. మంచి స్ప్రింగు నొక్కి ఉంచినంత మాత్రాన చావదు, దాన్ని చంపేది జారే క్లచ్‌లో పుట్టే వేడి. బ్రేకులు కూడా లాక్ చేసి వదిలేయకండి, బ్యాండ్ డ్రమ్‌కి పట్టేస్తుంది. చైన్లకు ముందూ వెనకా దుంగలు అడ్డం పెట్టి, బ్లేడు నేల మీద ఆనించి వదిలేయండి. లివర్లు లాగి ఉన్నప్పుడు గేర్‌లో పెట్టినా బండి ఆగదు, ఆ దుంగలే ఆపాలి.